వెలిగి ఆరిపోయే గ్యాస్ గీజరు

ఏ ఇంధనం మండాలన్నా ఆక్సిజన్ కావాలని కిందటి పాఠంలో తెలుసుకున్నారు. కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లించి అది ఎలా ఆరిపోయిందో కూడా చూశారు. ఈ పాఠంలో ఆ విషయాన్నే ఇంటి స్నానాల గదికి తీసుకువెళదాం. ఇది చదివిన తర్వాత, గ్యాస్ గీజరు మాటిమాటికీ ఆరిపోతుంటే కారణం ఎక్కడుందో మీరు వరుసగా వెతకగలుగుతారు. ఏ పని మీరే చేసుకోవచ్చో, ఏ పనికి మెకానిక్‌ను పిలవాలో, ఏ పని ఎవరూ చేయకూడదో విడదీసి చెప్పగలుగుతారు.

సూరత్ నగరం ఆగ్నేయ భాగంలో, ఉధనాకు అవతల, దిండోలీని ఆనుకుని నవాగామ్ ఉంది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి సాంచాల పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇటువైపు, లింబాయత్ వైపు చాలా ఉన్నాయి. ఊళ్ళో ఉన్నప్పుడు ఆ కుటుంబాలకు వేడినీళ్ళంటే పెరట్లో కాగు, లేదా కాస్త కలిగినవాళ్ళయితే రాగి బాయిలరు. బాయిలరు నడిమి గొట్టంలో కట్టెలు, కొబ్బరి చిప్పలు వేసేవారు. పొగ పైకి, ఆకాశంలోకి పోయేది. నగరంలో పెరడు లేదు. రెండు గదుల ఇంట్లో, నాలుగడుగుల స్నానాల గది గోడకు గ్యాస్ గీజరు వేలాడుతోంది. సౌకర్యం పెరిగిన మాట నిజమే. కాని పెరట్లో ఉండవలసిన మంట గదిలోకి వచ్చిందన్న సంగతి చాలామందికి తట్టదు. గీజరు ఎందుకు ఆరుతుందో తెలుసుకోవాలంటే ముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

గీజరు లోపల ఏం జరుగుతుంది?

నల్లా తిప్పగానే నీరు గీజరులోకి వచ్చి ఒక రబ్బరు పొరను నెడుతుంది. ఆ పొర కదిలి చిన్న స్విచ్చిని నొక్కుతుంది. గీజరు అడుగున రెండు పెద్ద టార్చి సెల్లు ఉంటాయి. ఒక్కొక్కటి 1.5 వోల్టులు, రెండూ కలిసి 3 వోల్టులు. స్విచ్చి పడగానే ఈ సెల్లు రెండు పనులు చేస్తాయి. గ్యాస్ దారిలో ఉన్న వాల్వును తెరుస్తాయి, బర్నరు దగ్గర చిటచిటమని నిప్పురవ్వలు పుట్టిస్తాయి. మంట అంటుకుంటుంది. బర్నరు పైన రాగి గొట్టం, దానికి అతికించిన సన్నని రాగి రేకులు ఉంటాయి. గొట్టంలో పారే నీరు ఆ వేడిని తీసుకుని బయటికి వస్తుంది.

మంట అంటుకున్నదా లేదా అని కనిపెట్టడానికి బర్నరు పక్కన ఒక సన్నని లోహపు కడ్డీ ఉంటుంది. మంటలో విద్యుదావేశం గల కణాలు ఉంటాయి కనుక మంట గుండా అతి స్వల్పంగా విద్యుత్తు పారుతుంది. కడ్డీకి ఆ విద్యుత్తు అందినంతసేపు వాల్వు తెరిచి ఉంటుంది. అందకపోతే కొన్ని క్షణాల్లో వాల్వు మూసుకుంటుంది. నీరు మితిమీరి వేడెక్కితే గ్యాస్‌ను ఆపే మరో పరికరం రాగి గొట్టం మీద ఉంటుంది. కొన్ని రకాల గీజర్లలో గదిలోని ఆక్సిజన్ తగ్గినప్పుడు మంటను ఆపివేసే ఏర్పాటు కూడా ఉంటుంది. చాలా రకాల్లో 20 నిమిషాలు కాగానే తనంతట తాను ఆగిపోయే గడియారపు ఏర్పాటు ఉంటుంది.

సాంచా నడిపినవారికి ఇది కొత్త సంగతి కాదు. పేక పోగు తెగితే సాంచా దానంతట అదే ఆగుతుంది. పోగు ఉన్నదా లేదా అని తడిమి చూసే చిన్న ముల్లు ఒకటి అందులో ఉంటుంది. సాంచా ఆగినందుకు పనిచేసేవాళ్ళు దాన్ని తిట్టరు, తెగిన పోగు కోసం చూస్తారు. గీజరు ఆరినప్పుడు కూడా మన చూపు అలాగే ఉండాలి. ఏ కాపలా పరికరం దాన్ని ఆపింది? ఆ పరికరం ఏం చూసి ఆపింది?

ఎంతసేపటికి ఆరింది?

నవాగామ్‌లోని ఒక ఇల్లాలికి, గీజర్లు బాగుచేసే తెలిసిన మనిషికి మధ్య జరిగే సంభాషణ సాధారణంగా ఇలా ఉంటుంది.

"అన్నా, నల్ల ఇప్పంగనే అంటుకుంటది. నీళ్ళు గూడ వేడిగనే వస్తయి. జెర సేపటికి బందైతది. మల్ల ఇప్పితే మల్ల అంటుకుంటది."

"ఎంత సేపటికి బందైతది చెల్లె?"

"ఏమో అన్నా, సూడలే."

ఆ చూడకపోవడంలోనే సగం రోగం దాక్కుంది. జ్వరం వచ్చిన మనిషిని డాక్టరు "ఎన్ని రోజులనుంచి? పొద్దున వస్తుందా, సాయంత్రమా?" అని అడిగినట్టే, గీజరు విషయంలో ముందు అడగవలసింది గడియారాన్ని. క్షణాల్లో ఆరితే ఒక రకం కారణాలు. వేరే నల్లా తిప్పినప్పుడు ఆరితే మరో రకం. బాగా మండి, నిమిషాలు గడిచాక ఆరితే ఇంకో రకం. ఈ మూడోదాన్ని అందరూ తేలికగా తీసుకుంటారు. ప్రాణం మీదికి వచ్చేది అదే.

క్షణాల్లో ఆరిపోతే ముందు సెల్లు మార్చి చూడండి. పాత సెల్లకు నిప్పురవ్వ పుట్టించే శక్తి మిగిలి ఉండవచ్చు, వాల్వును తెరిచి పట్టి ఉంచే శక్తి మాత్రం చాలదు. అందుకే చిటచిట శబ్దం వినిపిస్తున్నా మంట నిలవదు. రెండు సెల్లూ ఒకేసారి, ఒకే రకానివి మార్చాలి. సెల్లు కారి ఉంటే డబ్బాలోని లోహపు రేకుల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. పొడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఈ పని ఎవరైనా చేసుకోవచ్చు. సెల్లు కొత్తవైనా మంట నిలవకపోతే, మంటను కనిపెట్టే కడ్డీకి మసి పట్టి ఉండవచ్చు, లేదా అది మంటకు దూరంగా వంగి ఉండవచ్చు. అప్పుడు మెకానిక్‌ను పిలవాలి.

గ్యాస్ సరిగా రాకపోయినా ఇలాగే ఆరుతుంది. సిలిండరు అయిపోవస్తోందేమో, రెగ్యులేటరు పూర్తిగా తిప్పారో లేదో చూడండి. వంటపొయ్యికి, గీజరుకు ఒకే గొట్టం నుంచి చీలిక తీసిన ఇళ్ళల్లో, పొయ్యి మీద రెండు బర్నర్లూ వెలిగించినప్పుడు గీజరు నీరసపడుతుంది. అలాంటి చీలికలు గ్యాస్ కారడానికీ తావిస్తాయి, వాటిని తీసివేయించడమే మేలు. రబ్బరు గొట్టం స్థానంలో వచ్చిన సురక్షా గొట్టమైనా ఐదేళ్ళకోసారి మార్చాలి.

సూరత్‌లో ప్రత్యేకంగా చూడవలసిన విషయం ఒకటుంది. ఇక్కడ చాలా ఇళ్ళకు గొట్టాల ద్వారా సహజవాయువు వస్తుంది, మిగిలిన ఇళ్ళు సిలిండరు వాడతాయి. సిలిండరులో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమమైన ఎల్‌పీజీ. గొట్టాల్లో వచ్చేది ప్రధానంగా మీథేన్. ఈ రెండూ ఒకటి కావు. ఒక పరిమాణం మీథేన్ పూర్తిగా మండాలంటే దాదాపు 10 రెట్ల గాలి చాలు. ప్రొపేన్‌కు 24 రెట్లు, బ్యూటేన్‌కు 31 రెట్లు కావాలి. అందుకని రెండు రకాల గీజర్లలో గ్యాస్ చిమ్మే రంధ్రాల సైజు వేరుగా ఉంటుంది. ఊరి నుంచి తెచ్చిన సిలిండరు గీజరును ఇక్కడి గొట్టానికి తగిలిస్తే, రంధ్రాలు సన్నవి కనుక మంట బలహీనంగా వచ్చి ఆరిపోతుంది. దీనికి తారుమారుగా, సహజవాయువు గీజరును సిలిండరుకు తగిలించడం మరీ ప్రమాదం. పెద్ద రంధ్రాల్లోంచి ఎల్‌పీజీ ఎక్కువగా వచ్చి, గాలి చాలక, మంట పసుపుపచ్చగా పొగచూరుతూ మండుతుంది. గీజరు మీది పలక చదివి, అది ఏ గ్యాస్‌కు తయారయిందో చూడండి. ఎల్‌పీజీతో పనిచేసే చిన్న గీజర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 15558 అనే ప్రమాణాన్ని నిర్ణయించింది. కొనేటప్పుడు ఆ సంఖ్య, ఐఎస్ఐ గుర్తు ఉన్నాయా అని చూడాలి.

నీటి ఒత్తిడి సంగతి

కొన్ని గీజర్లు పక్క నల్లా తిప్పితే ఆరుతాయి, లేదా పొద్దున ఆరింటికి చక్కగా పనిచేసి తొమ్మిదింటికి మొరాయిస్తాయి. ఇవి నీటి లక్షణాలు. గీజరు పలక మీద కనీస నీటి పీడనం అని ఒక అంకె ఉంటుంది. చాలావాటి మీద అది 0.02 లేదా 0.025 మెగాపాస్కల్. పది మీటర్ల ఎత్తున్న నీటి స్తంభం దాదాపు 0.1 మెగాపాస్కల్ పీడనం ఇస్తుంది. కాబట్టి 0.025 కావాలంటే ట్యాంకులోని నీటిమట్టం షవరుకంటే రెండున్నర మీటర్లు, అంటే సుమారు 8 అడుగులు ఎత్తులో ఉండాలి.

ఇప్పుడు డాబా ఇంటి పై అంతస్తును ఊహించుకోండి. ట్యాంకు సరిగ్గా నెత్తిమీద ఉంది. చూడటానికి దగ్గరే, కాని నీటికి కావలసింది ఎత్తు. ట్యాంకు అడుగు నుంచి షవరు దాకా నాలుగైదు అడుగులే ఉంటుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు లోపలి నీటి లోతు మరో మూడడుగులు కలిసి, ఎలాగో రబ్బరు పొర కదులుతుంది. కింది అంతస్తుల వాళ్ళు స్నానాలు చేసి ట్యాంకు సగమయ్యేసరికి పొర వెనక్కి వస్తుంది, మంట ఆరుతుంది. అదే గీజరును కింది అంతస్తులో పెడితే ఏ ఇబ్బందీ ఉండదు. ఇలాంటి ఇంట్లో గీజరు విప్పి బాగుచేయించినా డబ్బు దండగే. ట్యాంకును ఎత్తైన దిమ్మె మీదికి ఎక్కించాలి, లేదా ఒత్తిడి పెంచే చిన్న పంపు పెట్టాలి.

ఒత్తిడి చాలినంత ఉండీ ఆరుతుంటే దారిలో అడ్డం వెతకండి. గీజరులోకి నీరు వచ్చేచోట చిన్న జాలీ ఉంటుంది. అందులో ఇసుక, తుప్పు చేరుతుంది. నీటి వాల్వు కట్టి, జాలీ తీసి పాత బ్రష్షుతో కడిగి పెట్టవచ్చు. బోరు నీరు వాడే ఇళ్ళల్లో షవరు రంధ్రాలు తెల్లగా పూడుకుపోతాయి. షవరును రాత్రంతా వెనిగర్‌లో గాని, నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో గాని నానబెడితే రంధ్రాలు తెరుచుకుంటాయి. ఇంకొకటి. వేడినీళ్ళు మరీ వేడిగా ఉన్నాయని చన్నీళ్ళ నల్లా ఎక్కువ తిప్పుతాం. షవరు దగ్గర రెండూ ఒకే గొట్టంలో కలిసే ఏర్పాటులో చన్నీళ్ళు వేడినీళ్ళను వెనక్కి నెడతాయి. గీజరులో ప్రవాహం తగ్గి మంట ఆరుతుంది. చన్నీళ్ళు తిప్పే బదులు గీజరు మీది గ్యాస్ మీటను తగ్గించండి. చాలా ఇళ్ళల్లో సమస్య ఇంతటితోనే తీరుతుంది.

పాఠంలోని ప్రశ్నలు

1. చిటచిట శబ్దం వస్తోంది, మంట ఒక్క క్షణం కనిపించి ఆరుతోంది. మీరు మొదట చేయవలసిన పని ఏది?
2. పై అంతస్తులో పొద్దున వెలిగే గీజరు మధ్యాహ్నం వెలగకపోవడానికి కారణం ఏమై ఉండవచ్చు?

బాగా మండి, నిమిషాల తర్వాత ఆరితే

ఇరవై నిమిషాలకు కచ్చితంగా ఆరుతుంటే అది గడియారపు ఏర్పాటు పని. నల్లా కట్టి మళ్ళీ తిప్పితే వెలుగుతుంది. దాన్ని లోపం అనుకోకండి.

ఐదు, పది నిమిషాలకు ఆరి, అప్పటి నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే, వేడిని కొలిచే పరికరం ఆపిందన్నమాట. రాగి గొట్టం లోపల సున్నం పట్టి నీటి దారి సన్నబడితే ఇలా జరుగుతుంది. టీ కాచే గిన్నె అడుగున పట్టే తెల్లని పొరే ఇది కూడా. మెకానిక్ ఆ గొట్టాన్ని మందుతో శుభ్రం చేస్తాడు.

నీళ్ళు మామూలు వేడిగానే ఉన్నాయి, సెల్లు కొత్తవి, నీటి ఒత్తిడి బాగుంది. అయినా కొన్ని నిమిషాలకు ఆరుతోంది. తలుపు తీసి కాసేపు ఆగితే మళ్ళీ వెలుగుతోంది. తలుపు వేసుకుంటే మళ్ళీ ఆరుతోంది. ఇక్కడ ఆగి ఆలోచించాలి. గీజరులో లోపం లేదు. గదిలో గాలి లేదు.

ఎంత గాలి కావాలో మనమే లెక్క కడదాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. నిమిషానికి 6 లీటర్ల నీళ్ళు ఇచ్చే గీజరు అనుకుందాం. నీటిని 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు, అంటే 25 డిగ్రీలు వేడిచేయాలి. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి ఒక కిలోకాలరీ కావాలి. 6ను 25తో గుణిస్తే నిమిషానికి 150 కిలోకాలరీలు. కొంత వేడి వృథా పోతుంది కనుక ఇంధనం 180 దాకా ఇవ్వాలి. ఒక గ్రాము ఎల్‌పీజీ సుమారు 11 కిలోకాలరీలు ఇస్తుంది. కాబట్టి నిమిషానికి దాదాపు 16 గ్రాముల గ్యాస్ మండాలి. ఒక గ్రాము ఎల్‌పీజీ పూర్తిగా మండటానికి 12, 13 లీటర్ల గాలి అవసరం. అంటే గీజరుకు నిమిషానికి 200 లీటర్ల గాలి కావాలి.

ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి పీల్చే గాలి 6 నుంచి 8 లీటర్లు. ఆ లెక్కన గీజరు పాతికమంది మనుషులతో సమానం. పాతికమందిని స్నానాల గదిలో పెట్టి తలుపు వేస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఇక గది చూద్దాం. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు. 160 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగుకు 28 లీటర్ల చొప్పున సుమారు 4,500 లీటర్ల గాలి. గీజరు 20 నిమిషాలు మండితే దానికి 4,000 లీటర్లు కావాలి. దాదాపు గది మొత్తం! కాని మంట చివరి లీటరు దాకా సక్రమంగా మండదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అది 18 శాతానికి దిగేసరికే మంట తీరు చెడుతుంది. బయటి గాలి ఏమాత్రం రాని గదిలో అంత తగ్గడానికి మూడు, నాలుగు నిమిషాలు చాలు. తలుపు కింద సందు ఉంటుంది కనుక నిజమైన ఇళ్ళల్లో మరికొంత ఆలస్యమవుతుంది. చలికాలంలో ఆ సందుకు గుడ్డ, వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. గీజరు ఎక్కువసేపు మండేదీ ఆ నెలల్లోనే.

కంటికి కనపడని వాయువు

గాలి చాలినప్పుడు ఇంధనంలోని కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. మంట నీలంగా ఉంటుంది. గాలి చాలనప్పుడు దహనం సగంలో ఆగి కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ కారినప్పుడు మనకు తెలియడానికి అందులో ఘాటైన వాసన గల పదార్థం కలుపుతారు. గ్యాస్ మండినప్పుడు అదీ మండిపోతుంది. కాబట్టి ముక్కును నమ్ముకోవడానికి వీల్లేదు. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోవద్దని మన పెద్దలు చెప్పేవారు. వారు భయపడింది ఈ వాయువుకే, పేరు మాత్రం తెలియదు.

రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోసుకుపోతుందని మీరు జీవశాస్త్రంలో చదివారు. కార్బన్ మోనాక్సైడ్ హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆక్సిజన్‌కు చోటు ఉండదు. మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్ళలో సత్తువ లేకపోవడం. ఊపిరాడనట్టు అనిపించదు కనుక మనిషి భయపడడు, తలుపు తీయడు. "పొద్దున ఏమీ తినలేదు, అందుకే కళ్ళు తిరుగుతున్నాయి" అనుకుంటాడు. ఆ తర్వాత స్పృహ తప్పుతుంది. నీళ్ళ చప్పుడులో పడిన శబ్దం కూడా బయటికి వినపడదు. ఇలాంటి కేసులు ఎన్నో చూసిన మన దేశపు వైద్యులు దీనికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని పేరే పెట్టారు. హోలీ పండుగ నాడు రంగులు వదిలించుకోవడానికి ఎక్కువసేపు స్నానం చేస్తారు, తరచు ఒకరి తర్వాత ఒకరు వరుసగా చేస్తారు. ఆ రోజు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

2020 తర్వాత చాలా ఇళ్ళల్లో వేలికి పెట్టి చూసే ఆక్సిమీటరు చేరింది. గీజరు గదిలో పడిపోయిన మనిషికి దాన్ని పెట్టి "98 చూపిస్తోంది, ఏం ఫరవాలేదు" అని ఊరుకోకండి. మామూలు ఆక్సిమీటరు కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కపెడుతుంది.

తీగలు కలిపేయడం

ఎవరూ చేయకూడని పని ఇది. మాటిమాటికీ ఆరే గీజరును చూసి కొందరు "సెన్సారు పాడయింది, డైరెక్టు చేసేస్తాను" అంటారు. కాపలా పరికరానికి పోయే రెండు తీగలను తెంపి, ఒకదానికొకటి మెలిపెడతారు. గీజరు ఇక ఆరదు. ఇంట్లోవాళ్ళు సంతోషించి డబ్బులిస్తారు. సాంచా మీద పోగును తడిమే ముల్లును దారంతో కట్టేస్తే సాంచా కూడా ఆగదు. గజాల కొద్దీ బట్ట పేక లేకుండా దిగుతుంది. అక్కడ పాడయ్యేది బట్ట. తీగలు కలిపిన గీజరు కింద స్నానం చేసేది ఇంట్లో మనిషి. అద్దె ఇంట్లో దిగినప్పుడు పాత గీజరు మూత తెరిపించి ఇలాంటి మెలికలు ఉన్నాయేమో చూపించుకోవడం మంచిది.

ఈ పొరపాటు మన దగ్గరే జరుగుతుందని కాదు. చలిదేశాల్లో, ఉదాహరణకు ఉత్తర ఐర్లండులో, ఇంటిని వెచ్చగా ఉంచడానికి నూనెతో మండే బాయిలర్లు వాడతారు. మంట కనిపించకపోతే ఆ బాయిలరు ఆగి, ఎర్రదీపం వెలిగిస్తుంది. పక్కనే మళ్ళీ మొదలుపెట్టే బొత్తాం ఉంటుంది. ఆ బొత్తాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కవద్దని మెకానిక్కులు హెచ్చరిస్తారు, ఎందుకంటే నొక్కిన ప్రతిసారీ మండని నూనె లోపల చేరుతుంది. ఒకటి రెండుసార్లకు వెలగకపోతే కారణం వెతకాలి. మన గీజరుకూ ఆ నియమం పెట్టుకోవచ్చు. సూరత్ అద్దకం మిల్లుల్లో బాయిలరు దగ్గర పత్రం పొందిన మనిషి ఉండాలని చట్టం చెబుతుంది. ఇంటి గీజరుకు అలాంటి మనిషి ఎవరూ లేరు, ఇంట్లోవాళ్ళే చూసుకోవాలి.

ఎక్కడ బిగించాలి?

స్నానాల గదిలో బిగించకపోవడమే అన్నిటికంటె మంచిది. గీజరును బాల్కనీలోనో, వంటింటి వెనక గాలి ఆడే వసారాలోనో పెట్టి, వేడినీళ్ళ గొట్టాన్ని మాత్రం గదిలోకి తీసుకోండి. నాలుగైదడుగుల అదనపు గొట్టానికి అయ్యే ఖర్చు పెద్దది కాదు. బాల్కనీలో పెడితే గాలివాటుకు మంట ఆరకుండా ఒక పక్క రేకు అడ్డం పెట్టించాలి. ఎలాగూ లోపలే పెట్టక తప్పకపోతే, కాలిన వాయువులను గోడ బయటికి పంపే పొగగొట్టం ఉన్న రకం తీసుకోవాలి. ఆ గొట్టం చివర పిచ్చుక గూళ్ళు, బూజు లేకుండా చూడాలి. తలుపు అడుగున ఒక సందు, పైన ఒక వెంటిలేటరు ఎప్పుడూ తెరిచి ఉండాలి. కింది సందు తాజా గాలి రావడానికి, పైది వేడి వాయువులు పోవడానికి. కారిన ఎల్‌పీజీ గాలికంటె బరువు కనుక నేల మీద పరుచుకుంటుంది, సహజవాయువు తేలిక కనుక కప్పుకు చేరుతుంది. ఏ గ్యాస్ వాడినా రెండు దారులూ అవసరమే.

లోపల గీజరు ఉన్న ఇంట్లో ఒక అలవాటు చేసుకోవచ్చు. తలుపు తీసి ఉంచి బకెట్లు నింపుకుని, గీజరు ఆపి, ఆ తర్వాత తలుపు వేసుకుని స్నానం చేయాలి. షవరు సుఖం పోతుంది, నిజమే. ఏడాదికొకసారి, చలికాలం మొదలవక ముందే, బర్నరును, రాగి రేకులను శుభ్రం చేయించండి. రేకుల మధ్య మసి చేరితే గదిలో గాలి ఉన్నా మంటకు అందదు. మంట పసుపు రంగుకు తిరిగినా, గీజరు పైన గోడ నల్లబడినా ఆ రోజే వాడటం ఆపాలి.

ఎవరైనా స్నానాల గదిలోంచి పిలిస్తే పలకకపోతే తలుపు పగలగొట్టడానికి వెనకాడకండి. ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళి మనిషిని బయటి గాలిలోకి లాగండి. గ్యాస్ కట్టేయండి. 108కు ఫోను చేసి, గీజరు వాయువు పీల్చారని స్పష్టంగా చెప్పండి. ఆస్పత్రిలో ముందు ఆక్సిజన్ పెట్టాలని వారికి తెలుస్తుంది. మనిషి లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా డాక్టరుకు చూపించాలి. మతిమరుపు, నడకలో తడబాటు వంటివి కొన్ని వారాల తర్వాత బయటపడవచ్చు. గ్యాస్ కారుతున్న వాసన వస్తే అది వేరే సంగతి. స్విచ్చులు ముట్టుకోకుండా కిటికీలు తెరిచి, సిలిండరు గ్యాస్ అయితే 1906కు, గొట్టపు గ్యాస్ అయితే బిల్లు మీద ముద్రించిన అత్యవసర నంబరుకు చెప్పాలి.

పాఠంలోని ప్రశ్నలు

3. మీ ఇంటి స్నానాల గది కొలతలు తీసుకుని అందులో ఎన్ని లీటర్ల గాలి ఉందో లెక్క కట్టండి. నిమిషానికి 200 లీటర్ల చొప్పున ఆ గాలి ఎన్ని నిమిషాలకు సరిపోతుంది?
4. తలుపు వేస్తే ఆరి, తీస్తే వెలిగే గీజరును "డైరెక్టు" చేయమని ఇంటి యజమాని మెకానిక్‌కు చెబుతున్నాడు. మీరు ఆయనకు ఏమని వివరిస్తారు?

జవాబులు

1. రెండు సెల్లూ ఒకేసారి మార్చి చూడాలి. తర్వాతే మెకానిక్.
2. ట్యాంకులో నీటిమట్టం తగ్గి, గీజరుకు కావలసిన పీడనం అందకపోవడం.
3. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి, వచ్చినదాన్ని 28తో గుణించి, 200తో భాగించండి. వచ్చిన నిమిషాల్లో ఏడో వంతుకే మంట చెడటం మొదలవుతుందని పక్కన రాసుకోండి.
4. తలుపు తీస్తే వెలుగుతోందంటే గ్యాస్, నీరు, సెల్లు అన్నీ సరిగానే ఉన్నాయి, తలుపు వేసినప్పుడు తగ్గేది గాలి ఒక్కటే. తీగలు కలిపితే గాలి పెరగదు, మంట ఆరడం మాత్రమే ఆగుతుంది. ఆ డబ్బుతో గీజరును వసారాలోకి మార్పించమని చెప్పాలి.